పిల్లకు ఒక మాట

చిన్నమ్మ పోయాక దినాలన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, ఇల్లు మళ్ళీ మాకు మిగిలిన రోజున ఆమె రేకుపెట్టె తెరిచాను. ఆమె ఏనాడూ దానికి తాళం వేసుకోలేదు, మేం ఏనాడూ తెరవలేదు. పైన నేత చీరలు, వాటి మడతల్లో పొడిపొడి అయిపోయిన వేపాకు, అడుగున పాత మల్లుగుడ్డలో చుట్టిన గుండ్రటి అద్దం. అరచేతిలో ఇమిడేంత అద్దం, అంచుకు ఆకుపచ్చ రేకు. అద్దానికి ఆనించి ఒక పారదర్శకమైన షీటు ఉంది. పసుపెక్కింది, మూలలు వంకరపోయాయి. ఆ షీటు మధ్యలో ఒక మూతి. మనిషి లేదు, ముఖం లేదు, కళ్ళు లేవు. ఎర్ర పెదవులు కొద్దిగా విడివడి, దగ్గరికి చేరిన పళ్ళు కొంచెం కనిపిస్తూ, ఏదో అనబోతున్న మూతి. రంగు అక్కడక్కడా పగిలి రాలింది. మా మనవరాలు చూసి ఇదేంటమ్మమ్మా, స్టిక్కరా అని అడిగింది. కాదని చెప్పి ఊరుకున్నాను. ఆమెకు చెప్పడం మొదలుపెడితే నాంపల్లి దగ్గర మొదలుపెట్టాలి.

మేం నాంపల్లి స్టేషను వెనక సందులో, ఒక పాత హవేలీని ముక్కలు చేసి కిరాయికి ఇచ్చిన ఇంట్లో ఉండేవాళ్ళం. మాకు వచ్చిన ముక్కలో రెండు గదులు, ఒక నడవ, పదిమందికి ఒకటే నల్లా. పొద్దున లేస్తే బొగ్గుపొగ వాసన, దానిమీద సందు మొగదల ఇరానీ హోటల్లో బిస్కట్లు కాలుతున్న వాసన, ఆ రెండింటి కింద ఎప్పుడూ ఉండే గుర్రాల లద్దె వాసన. మా నాయిన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆయనకు ప్రపంచంలో నమ్మకమైన వస్తువు ఒకటే, సాయంత్రం బొంబాయి వెళ్ళే బండి. అది కూత వేయగానే కుర్చీ ఎక్కి గోడ గడియారం సరిచేసేవాడు. బండి ఆలస్యమైన రోజు మా ఇంట్లో గడియారం కూడా ఆలస్యమయ్యేది, దాంతోపాటు రాత్రి అన్నం కూడా. నీ బండి తప్పు నా గడియారానికి ఎందుకు అంటగడతవని అమ్మ గొణిగేది. సర్కారు బండి కంటె నీ పొయ్యి ఎక్కువనా అని ఆయన అనేవాడు. ఈ మాటలు వాళ్ళిద్దరూ ఎన్నేళ్ళు అనుకున్నారో, అందులో కోపం ఎప్పుడో అరిగిపోయింది.

యశోద చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే పదేళ్ళు కూడా పెద్దది కాదు. అమ్మమ్మ పోయాక మెదక్ వైపు పల్లె నుంచి మా ఇంటికి వచ్చి, ఇక ఉండిపోయింది. మా వాడలో ఆమెకు నవ్వుల యశోద అని పేరు. నల్లా దగ్గర ఎవరేమడిగినా నవ్వేది. పాలామె పలకరిస్తే నవ్వేది. గలగలమని, చివర్లో చిన్న ఎక్కిలితో ఆగే నవ్వు. విన్నవాళ్ళకు కూడా నవ్వొచ్చేది. ఎంత మంచి గుణమమ్మా, ఫికరన్నది లేదు అనేవాళ్ళు. వాడలో మా ఇంటికి మాత్రమే తెలిసిన సంగతి, ఆమెకు నత్తి. మామూలు నత్తి కాదు. మాట గొంతులో అడ్డం తిరిగిందంటే మెడ నరాలు ఉబ్బి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అట్లా పట్టుకున్న మాటను వదిలించుకోవడానికి ఆమె చిన్నప్పుడే కనిపెట్టుకున్న దారి నవ్వు. నవ్వితే అవతలివాళ్ళు కూడా నవ్వేవాళ్ళు, అడిగింది మర్చిపోయేవాళ్ళు, సంగతి అక్కడితో తీరిపోయేది. మాతో కూడా అవసరమైనంతే మాట్లాడేది. అమ్మతో సైగలు, నాతో సగం మాటలు.

నేను తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయినదాన్ని. తరవాతి చదువంతా ఆబిడ్స్ దాటి నడిచి వెళ్ళే గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర జరిగింది. వృక్షశాస్త్రం, రష్యా వాళ్ళ నవలలు, హోమియోపతి, ఏది దొరికితే అది. అక్కడ చదవని బీరువా లేదని ఇప్పటికీ కొంచెం గర్వం. అట్లా చదువుతుంటే ఒక పుస్తకంలో, వెనకటికి గ్రీసు దేశంలో నత్తి ఉన్న ఒకాయన నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని సముద్రం ముందు అరిచి అరిచి గొప్ప వక్త అయ్యాడని ఉంది. మాకు సముద్రం లేదు, రైలుపట్టాలు ఉన్నాయి. పట్టాల పక్క చిన్న చిన్న రాళ్ళు ఏరి, ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి చిన్నమ్మ నోట్లో పెట్టించాను. గూడ్సు బండి పోతున్నప్పుడు అరవమన్నాను. ఆమె పాపం నామీద నమ్మకంతో అరిచింది కూడా. ఒక రాయి లోపలికి పోయింది. అమ్మకు తెలిసి, నా పుస్తకాన్ని నడవలోకి విసిరికొట్టింది. "రాళ్ళు దినవెట్టి సంపుతవా నా చెల్లెను? గా పుస్తకాలల్ల గిదేనా రాసివెట్టింది?" అంది. చిన్నమ్మ నవ్వింది. ఆ రోజు మాత్రం నిజంగానే నవ్విందనుకుంటాను.

మా ఇద్దరికీ పని దొరికింది ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో. బాలకిషన్ సాబ్ అనే ఆయన మేడమీద ఒక పొడుగాటి గదిలో సినిమా హాళ్ళకు ఇంటర్వెల్ స్లైడ్లు రాయించేవాడు. పళ్ళపొడి, బట్టల దుకాణం, నగల దుకాణం. ఆకాశంలోని ఉపగ్రహం నుంచి ఊళ్ళకు టీవీ వస్తుందని, పల్లె రైతుల కోసం కార్యక్రమాలు కావాలని సర్కారు వాళ్ళు వెతుకుతున్న రోజులవి. బాలకిషన్ సాబ్ ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో తెలియదు, కదిలే బొమ్మల హాస్యం ఒకటి వారం వారం చేసి ఇచ్చే పని తెచ్చుకున్నాడు. బొమ్మలు గీయడానికి కాచిగూడ నుంచి విఠల్ వచ్చాడు. రంగులు నింపడానికి మేం కొందరు ఆడవాళ్ళం. ఆయన కాగితం మీద పెన్సిలుతో గీసిన బొమ్మను మేం పారదర్శకమైన షీటు మీదికి సిరాతో ఎత్తేవాళ్ళం. తరవాత షీటు తిరగేసి వెనక వైపు రంగు నింపేవాళ్ళం. చేతి చెమట అంటకుండా నూలు తొడుగులు వేసుకుని, వేళ్ళ కొనల దగ్గర కత్తిరించుకునేవాళ్ళం. ఒక బొమ్మ చెయ్యెత్తి దించాలంటే బల్లనిండా షీట్లు కావాలి. గదిలో ఫ్యాను వేయనిచ్చేవాళ్ళు కాదు, రంగు పొరలు కడుతుందని. ఎండాకాలం ఆ మేడమీద జిగురు వాసనకు, చెమటకు తలనొప్పి వచ్చేది. సాయంత్రం కింద ఇరానీ చాయ్ తాగితే గానీ మనుషులం అయ్యేవాళ్ళం కాదు.

షీట్లు ఖరీదైనవి, బొంబాయి నుంచి రావాలి. అందుకని ఒక భాగం కెమెరా కింద పెట్టి తీయడం అయిపోగానే ఆ షీట్లన్నీ కడిగి మళ్ళీ వాడేవాళ్ళం. కడిగే పని చిన్నమ్మది. వెనక పెరట్లో పెద్ద గంగాళం, గోరువెచ్చని నీళ్ళు, కుంకుడు నురగ. గీతలు పడకుండా మెత్తటి పాత పంచె ముక్కతో తుడవాలి. రంగు ముందు మెత్తబడి, పొరగా లేచి, నీళ్ళల్లో కరిగేది. సిరా గీతకు స్పిరిట్ దూది పెట్టాలి. పెరటి మోరీలో ఒకరోజు పసుపుపచ్చ నీళ్ళు, ఒకరోజు నీలం నీళ్ళు పారేవి. కడిగిన షీట్లను తాడుకు అప్పడాల్లా తగిలించేది. వారమంతా కళ్ళు పోగొట్టుకుని నింపిన బొమ్మలు మధ్యాహ్నానికల్లా వట్టి అద్దాల్లా ఊగుతుంటే మొదట్లో నాకు ప్రాణం ఉసూరుమనేది. తరవాత అలవాటైంది. ఎట్లాగూ ఫిల్ము మీదికి ఎక్కింది కదా, ఇక షీటు ఎందుకు అనేవాడు బాలకిషన్ సాబ్.

మా బొమ్మల హాస్యంలో హీరో ఉరుకుల ఎల్లయ్య. అన్నిటికీ ఉరుకుతాడు. విత్తనాలు మర్చిపోయి విత్తడానికి పోతాడు, తాడు మర్చిపోయి బావికి పోతాడు. పెద్దమనిషి ఒకాయన వచ్చి అసలు పద్ధతి చెప్తాడు. రైతులకు నీతి అది. ప్రతి భాగంలో ఎక్కడో ఒకచోట, గట్టు మీదనో బావి దగ్గరనో ఒక పిల్ల నిలబడి ఉంటుంది. ఆమెను చూస్తూ ఉరికి ఎల్లయ్య బోర్లా పడతాడు. పిల్ల నవ్వుతుంది. అంతే ఆమె పని. ఆమెకు పేరు లేదు. షీట్ల మూలల్లో మేం గుర్తుకోసం రాసుకునేది కూడా 'పిల్ల' అనే. ఆ నవ్వు ఎవరితో నవ్విద్దామా అని బాలకిషన్ సాబ్ చూస్తున్నప్పుడు, విఠల్ ఏదో అడిగితే చిన్నమ్మకు జవాబు గొంతులో పట్టుకుంది. అలవాటుగా నవ్వింది. గదిలో అందరూ పని ఆపి చూశారు. "గిదే, గీ నవ్వే" అన్నాడు బాలకిషన్ సాబ్. మర్నాడే ఆ నవ్వును టేపు మీదికి ఎక్కించారు. ఇక్కడ నవ్వాలని రాసిన కాగితం చేతిలో పెడితే నవ్వు రాలేదు. చివరికి నీ పేరేంది, ఊరేంది అని వరసగా అడిగాడాయన. ఇక నవ్వక ఏం చేస్తుంది?

విఠల్ మాట తక్కువ మనిషి. బ్లేడుతో పెన్సిలు చెక్కి, పొట్టునంతా ఒక పాత పేపరులో పోసి, పొట్లం కట్టి జేబులో వేసుకునేవాడు, ఊడ్చేవాళ్ళకు పని పెంచకూడదని. మధ్యాహ్నం మాతోపాటే డబ్బా విప్పుకునేవాడు. మా అమ్మ చేసిన పచ్చిపులుసు చిన్నమ్మ సగం ఆయన గిన్నెలో పోసేది, ఏమీ అనకుండా. ఆయన బల్ల ముందు గోడకు ఒక కాగితం ఉండేది. దానిమీద వరసగా మూతులు. పెదవులు మూసిన మూతి ప, బ, మ లకు. సున్నాలాంటిది ఓ కు. బాగా తెరిచింది ఆ కు. బొమ్మ ఏ మాటన్నా ఈ మూతులనే ఒకదాని తరవాత ఒకటి పెట్టాలి. పొదుపు కోసం ముఖం ఒక షీటు మీద ఉంచి, మూతులు మాత్రం వేరే షీట్ల మీద గీసి మార్చేవాళ్ళం. అట్లా ఎల్లయ్య మాటలన్నిటికీ రంగు నింపింది చిన్నమ్మే. నింపుతూ నింపుతూ తనకు తెలియకుండానే ఆ మూతి తన ముఖానికి పెట్టుకునేది. శబ్దం లేదు, వట్టి మూతి. ఒకరోజు నేను తల ఎత్తేసరికి, విఠల్ పెన్సిలు ఆపి ఆమెనే చూస్తున్నాడు. ఎగతాళిగా కాదు. లెక్క సరిచూస్తున్నవాడిలా.

తరవాతి వారం సుల్తాన్ బజార్ నుంచి ఆ ఆకుపచ్చ అంచు అద్దం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పనికోసమే, నేను గూడ అద్దంల చూసుకునే గీస్త అన్నాడు. ఆ తరవాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మాట అనుకోకున్రి యశోదమ్మా. మాట అనుకుంటెనే అది గొంతుల అడ్డం వడ్తది. బొమ్మ అనుకోన్రి. ఒక మూతి, దాని ఎన్క ఇంకో మూతి. మీరు రంగు నింపుతలేరా, గట్లనే." నేను గ్రంథాలయంలో ఎన్ని బీరువాలు తిప్పినా ఈ సంగతి దొరకలేదు. చిన్నమ్మ ఆ రోజు మూతులు చూసి 'నీళ్ళు' అంది, ఎక్కడా ఆగకుండా. తరవాత 'మామ' అంది. సాయంత్రం ఇంటికి నడుస్తూ నాంపల్లి దాకా అవే మాటలు అంటూ వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఏమనుకున్నారో.

పిల్లకు ఒక మాట ఇవ్వమని బాలకిషన్ సాబ్‌ను అడిగింది విఠలే. నవ్వే పిల్లకు మాటెందుకు, నవ్వుతుంటెనే సక్కగుంది గద అని ఆయన. "ఎల్లయ్య గిన్నిసార్లు గామె ముంగట వడ్డడు సాబ్. ఆమె ఒక్క మాటన్న అనకపోతె వడ్డదానికి ఫాయిదా ఏముంది?" అన్నాడు విఠల్. ఆయన అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారి కాబట్టి బాలకిషన్ సాబ్ ఒప్పుకున్నాడు. ఎల్లయ్య బండి కట్టుకుని జాతరకు పోయే భాగం ఉంది. ఎప్పటిలాగే అన్నీ మర్చిపోయి ఉరుకుతుంటాడు. అప్పుడు పిల్ల గట్టు దిగి వచ్చి, "జర ఆగు, నేను గూడ వస్త" అంటుంది. ఎల్లయ్య జీవితంలో మొదటిసారి ఆగుతాడు. భాగం అక్కడితో ముగుస్తుంది. మాట రాసింది విఠల్. ఎవరికోసం రాశాడో గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు. చిన్నమ్మ చెవుల దాకా ఎర్రబడి రంగు బుడ్డి మూత పెట్టడం మర్చిపోయింది.

ఆ మాటకు కావలసిన మూతులు విఠల్ గీసి ఇస్తే, చిన్నమ్మే రంగు నింపింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఇంట్లో అద్దం ముందు పెట్టుకుని, షీట్లు వరసగా తిప్పుతూ సాధన చేసేది. మొదటి మూతి దగ్గరే కష్టం. పళ్ళు దగ్గరికి తెచ్చి, పెదవులు విప్పి, 'జ' అనాలి. ఆ ఒక్కటి దాటితే తరవాతవి వాటంతట అవే జారేవి. దాటకపోతే నవ్వొచ్చేది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వింటూ, రొట్టె మాడబెట్టేది. నాయిన పేపరు అడ్డం పెట్టుకుని వినేవాడు. ఇంట్లో అందరి పెదవులూ ఆ మాటతోనే కదిలేవి.

రికార్డింగు పొద్దున్నే, కింద రిక్షాలు మొదలుకాకముందు. కిటికీలకు పరుపులు కట్టారు. విఠల్ ఆమెకు ఎదురుగా నిలబడి ఒక్కొక్క షీటు ఎత్తి చూపాడు. మొదటిసారి కాలేదు. రెండోసారి నవ్వు వచ్చింది. బాలకిషన్ సాబ్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు విఠల్ షీట్లు పక్కన పెట్టి, తనే శబ్దం లేకుండా ఆ మూతులు పెట్టాడు, ఆమె కళ్ళల్లోకి చూస్తూ. చిన్నమ్మ అనేసింది. జర ఆగు, నేను గూడ వస్త. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. ఆమె గొంతు అంత లోతైనదని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వు సన్నగా ఉండేది, మాట బరువుగా ఉంది. అన్నాక ఆమె కుర్చీలో కూర్చుని చేతి తొడుగులు వేసుకుంది, పని మొదలుపెట్టడానికి. ఆ వారమే ఫిల్ము తీయడం అయిపోయింది. ఆమె ఎప్పటిలాగే గంగాళంలో నీళ్ళు పోసి షీట్లు కడిగింది, పిల్ల షీట్లు కూడా. ఫిల్ము మీదికి ఎక్కాయి కదా అని నేనూ పక్కన కూర్చుని తుడిచాను.

హైదరాబాదులో అప్పటికి టీవీ లేదు. ఆబిడ్స్‌లో మేం చేసిన బొమ్మలు చూడాలంటే సర్కారు టీవీ డబ్బా ఇచ్చిన ఏదో పల్లెకు పోవాలి. మా అదృష్టానికి చిన్నమ్మ సొంత ఊరికి ఒకటి వచ్చింది. జాతర భాగం వేసే రోజు తెలుసుకుని అమ్మ, చిన్నమ్మ, నేను బస్సెక్కాం. చిన్నమ్మ టీవీలో మాట్లాడుతుందని అప్పటికే అమ్మ వాడంతా చెప్పింది, ఊళ్ళో ఉన్న మా చుట్టం లచ్చవ్వ పెద్దమ్మకు మనిషితో కబురు కూడా పంపింది. చిన్నప్పుడు ఈ పిల్ల నోరు తెరిస్తే ఊరి పిల్లలంతా వెక్కిరించేవాళ్ళని, ఈసారి నోళ్ళు మూతపడతాయని బస్సులో దారంతా అమ్మ మాటలు అవే. చిన్నమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో చెంగు కింద అద్దం పట్టుకుని ఉంది.

బడి వరండాలో బల్లమీద టీవీ డబ్బా, బడి వెనక ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు. పొద్దుగూకేసరికి ఊరంతా వచ్చి కూర్చుంది. పెద్దమ్మ చిన్నమ్మను అందరికంటే ముందు కూర్చోబెట్టింది, పెళ్ళికూతురిని కూర్చోబెట్టినట్టు. పురుగుమందుల గురించి ఎవరో చెప్పారు. తరవాత మా ఎల్లయ్య వచ్చాడు. రంగులన్నీ పోయి తెలుపు నలుపుగా వచ్చాడు. మేం నింపిన పసుపులూ నీలాలూ అన్నీ ఒకే బూడిదరంగు. జనం పగలబడి నవ్వుతున్నారు. పిల్ల గట్టు మీద నిలబడింది, ఎల్లయ్య పడ్డాడు, పిల్ల నవ్వింది. మన యశోద నవ్వే అని పిల్లలు అరిచారు. ఎల్లయ్య బండి కట్టాడు. చిన్నమ్మ పెదవులు విడివడ్డాయి, పళ్ళు దగ్గరికి వచ్చాయి. తెరమీద బండి కదిలింది, దుమ్ము లేచింది, పాట వచ్చింది. తరవాత తెరమీద ఎవరో ఒకావిడ కూర్చుని వార్తలు చదవడం మొదలుపెట్టింది. పిల్ల గట్టు దిగనే లేదు.

కాసేపు మాకు అర్థం కాలేదు. లచ్చవ్వ పెద్దమ్మ ఒంగి, చెయ్యి చిన్నమ్మ మోకాలి మీద వేసి, ఎంతో ప్రేమగా అడిగింది. "అయిపాయెనా? మాట్లాడుతవంటిరి గద బిడ్డా, మాటేది?" చిన్నమ్మ మెడ నరాలు లేచాయి. పెద్దమ్మ ఎదురుచూస్తోంది, ఊరంతా ఎదురుచూస్తోంది. చిన్నమ్మ నవ్వింది. గలగలమని, చివర ఎక్కిలితో. వరండా అంతా ఘొల్లుమంది. అచ్చం టీవీల నవ్వినట్టే నవ్వింది అని మురిసిపోయారు. ఇంకోసారి నవ్వమన్నారు. ఆమె మళ్ళీ నవ్వింది.

తిరిగొచ్చి అడిగితే బాలకిషన్ సాబ్ మాకేసి చూడలేదు. సర్కారు వాళ్ళల్లో పైన ఎవరో పెద్ద సారు చూశాడట. పెండ్లి కాని పిల్ల మగోని బండెక్కుతా అంటే ఊళ్ళల్ల పెద్దమనుషులు ఏమంటరు, రైతుల కార్యక్రమంల గిది అవసరమా అని ఆ ముక్క కోసి పారేయించాడట. టేపు ఉందా అని అడిగాను. దానిమీద తరవాతి భాగం ఎక్కించేశామన్నాడు, టేపులు ఊకె వస్తయా అమ్మా అని. షీట్లు మేమే కడిగాం. అంటే ఆ మాట ఇక ఎక్కడా లేదు. విఠల్ ఆ రోజంతా తల ఎత్తలేదు. పెన్సిలు చెక్కుతూనే ఉన్నాడు, పొట్లం కట్టడం మర్చిపోయాడు.

ఆ ఏడు తిరగకముందే పల్లెల టీవీ పని ముగిసింది. బాలకిషన్ సాబ్ మళ్ళీ పళ్ళపొడి స్లైడ్లకు వచ్చాడు. కదిలే బొమ్మలు గీసేవాడికి హైదరాబాదులో పని లేదు, విఠల్‌కు బొంబాయిలో దొరికింది. ఆయన బయల్దేరే రోజు చిన్నమ్మ పనికి రాలేదు. నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. అద్దం కిటికీ చువ్వలకు ఆనించి, దాని ముందు నిలబడి అదే మాట. జర ఆగు, నేను గూడ వస్త. బాగా వస్తోంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ, ఆగకుండా. అమ్మ కూడా విని, ఏమీ అడగకుండా, ఆమెకు తన మంచి చీర తీసి ఇచ్చింది. మా అమ్మ జీవితంలో చేసిన అతిపెద్ద సాహసం అదేననుకుంటాను.

నాయిన గూడ్సు ఆఫీసు వైపు నుంచి మమ్మల్ని ప్లాట్‌ఫారం మీదికి పంపాడు. విఠల్ బొంబాయి బండి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో అట్టగొట్టంలో చుట్టిన బొమ్మలు. మమ్మల్ని చూసి దిగాడు. పిల్ల బొమ్మ ఒక్కటన్న మిగిలిందా అని నేను అడిగాను. అన్నీ కడిగినం గద అన్నాడు. గార్డు జెండా ఊపాడు, ఆయన మళ్ళీ మెట్టెక్కాడు. అప్పుడు చిన్నమ్మ ముందుకు వెళ్ళింది. "ఏమన్న చెప్తరా యశోదమ్మా?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, తొందర కాదు. నాకు తెలుసు, ఆయన ఆ మాట కోసమే మెట్టుమీద ఆగాడు. చిన్నమ్మ మొదటి మూతి పెట్టింది. పళ్ళు దగ్గరికి, పెదవులు విడిగా. అది అక్కడే నిలిచిపోయింది. ఆయన రికార్డింగు రోజులాగే శబ్దం లేకుండా ఆ మూతి తనూ పెట్టబోయాడు. ఇంతలో ఇంజను కూత వేసింది, బండి కదిలింది, ఆయన తూలి కడ్డీ పట్టుకున్నాడు. ఆమె బండితోపాటు కొంచెం నడిచింది. మెడ నరాలు, కళ్ళల్లో నీళ్ళు. ఆ తరవాత నవ్వింది. ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. వెంటనే తనూ నవ్వాడు. "గీ నవ్వు మర్చిపోను" అని కేకేశాడు. ఆ నవ్వు ఏమిటో ఆయనకు తెలుసని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను. మూతులన్నీ చదవడం వచ్చిన మనిషే. అయినా ఆ నవ్వును జవాబు అనుకున్నాడు.

మేం ఇంటికి వచ్చేసరికి నాయిన మాకంటే ముందే చేరి, కుర్చీ ఎక్కి గడియారం సరిచేస్తున్నాడు. బండి ఇయ్యాల టైముకే పోయింది అన్నాడు. ఆ తరవాత ఎన్ని సాయంత్రాలో, కూత వినిపించగానే నాయిన కుర్చీ ఎక్కేవాడు, చిన్నమ్మ చేస్తున్న పని ఆపి చెయ్యి తుడుచుకునేది, మళ్ళీ మొదలుపెట్టేది. విఠల్ దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. ఆమెకు రెండు మూడు సంబంధాలు వచ్చాయి, చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు నవ్వింది, వాళ్ళు మెచ్చుకున్నారు, ఆమె వద్దని తల ఊపింది. కళ్ళు కనిపించినన్నాళ్ళు పెండ్లిపత్రికలకు రంగులు వేసింది. అమ్మా నాయినా పోయాక నాతోనే వచ్చి ఉంది. నత్తి అట్లాగే ఉంది. మూతులతో మాట్లాడే పద్ధతి మళ్ళీ ఎన్నడూ చేయలేదు. పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ అన్న మాట ఒకటే, ఎప్పుడు చూసినా నవ్వుకుంట ఉండేది, ఎంత హాయిగ బతికింది అని. నేను కాదనలేదు. కాదంటే ఇదంతా చెప్పాలి.

ఆ మేడ ఇప్పుడు లేదు. మొన్న ఆబిడ్స్ వెళ్ళినప్పుడు చూశాను, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా మనవరాలి ఫోనులో బొమ్మలు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాయి, ఆడపిల్ల బొమ్మలు కూడా. వాటిని చూసి నాకు ఏడుపు వస్తే మనవరాలికి అర్థం కాదు. అప్పట్లో మా దగ్గర షీట్లకు కొరత, టేపుకు కొరత. ఇప్పుడు దేనికీ కొరత లేదు, ఏదీ కడగనక్కర్లేదు. అయినా అప్పటి ఒక్క మాటకు ఇంట్లో రొట్టెలు మాడాయి, ఊరంతా వరండాలో కూర్చుంది, ఒక మనిషి కదలబోతున్న బండి మెట్టుమీద ఆగాడు. ఈనాటి ఇన్ని మాటల్లో ఏ ఒక్కదానికోసమైనా ఎవరైనా అట్లా ఎదురుచూస్తున్నారా అని గ్రంథాలయాల్లో వెతికితే దొరికేది కాదు.

నిన్న అందరూ పడుకున్న మధ్యాహ్నం అద్దం కిటికీ చువ్వలకు ఆనించాను. కడగకుండా ఆమె దాచుకున్న ఆ ఒక్క షీటును కళ్ళెదుట పట్టుకుని, నా ముఖం సరిగ్గా దాని వెనకకు వచ్చేలా జరిగాను. పళ్ళు దగ్గరికి తెచ్చి, పెదవులు విప్పాను. ఎర్ర మూతి నా మూతి మీద కూర్చుంది. అది 'జ' దే. ఆమెను ఎప్పుడూ ఆపేసిన చోటే అది. దవడ నొప్పి పుట్టేదాకా అట్లాగే నిలబడ్డాను. తరవాత పెట్టవలసిన మూతి నా దగ్గర లేదు.